లారీ కోసం దొంగతనం, లారీలో కోబాల్ట్: మెక్సికో 2013 కేసు

2013 డిసెంబరు 2, తెల్లవారడానికి ఇంకా చాలా సమయం ఉంది. మెక్సికోలోని హిడాల్గో రాష్ట్రంలో తెపొహాకో అనే చోట, పెట్రోలు బంకు దగ్గర క్రేను బిగించిన ఒక లారీ ఆగి ఉంది. అమెరికా సరిహద్దును ఆనుకుని ఉన్న తిహువానా నుంచి బయలుదేరి, దేశం పొడవునా రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా నడిచి వచ్చిన లారీ అది. చేరవలసిన చోటు, అంటే మెక్సికో నగరానికి ఉత్తరాన మాకిష్కోలో ఉన్న రేడియోధార్మిక వ్యర్థాల నిల్వ కేంద్రం, ఇక ఎంతో దూరం లేదు. అప్పుడు ఆయుధాలతో ఇద్దరు వచ్చారు. డ్రైవరును బెదిరించి లారీ తోలుకుపోయారు.

వాళ్లకు కావలసింది లారీ, దాని మీది క్రేను అని అధికారులు అంచనా వేశారు. వెనక పెట్టెలో ఉన్నది మాత్రం ఒక ఆసుపత్రిలో క్యాన్సర్ చికిత్సకు వాడి, పని అయిపోయాక తీసేసిన టెలీథెరపీ యంత్రపు తల. దాని కడుపులో కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక పదార్థం ఉంది. రేడియోధార్మికతను కొలిచే లెక్కలో అది 111 టెరాబెక్వెరల్, పాత లెక్కలో 3,000 క్యూరీలు. గుల్లలో మూసి పెట్టిన ఇలాంటి పదార్థాన్నే మేము సోర్స్ అంటాం.

నేను పైపులైన్లు, బాయిలర్ల వెల్డింగు అతుకులను గామా కిరణాలతో పరీక్షించే పనిలో రేడియేషన్ భద్రతాధికారిని. పేరుకు ఇది ఆసుపత్రి యంత్రం కథ అయినా, కొత్తగా చేరిన రేడియోగ్రాఫర్లకు శిక్షణలో నేను మొదట చెప్పే కేసు ఇదే. మా పరికరాలు (సోర్సును కవచంలో పెట్టుకున్న వీటిని కెమెరాలంటాం) కూడా ఇలాగే వాహనాల్లో, ఇలాగే రోడ్ల మీద, ఇలాగే అర్ధరాత్రులు ధాబాల దగ్గర ఆగుతూ తిరుగుతాయి. ఇరిడియం-192 అనే రేడియోధార్మిక పదార్థం పెట్టిన కెమెరా బరువు ఇరవై కిలోలకు కాస్త ఎక్కువ. ఒక మనిషి చేత్తో మోసుకుపోగలడు.

సోర్స్ ఎంతటిది?

ఈ కేసులో ప్రతి నిర్ణయానికీ మూలం ఒక చిన్న గుణకారం. అది తెలియకపోతే తరువాత జరిగినవేవీ అర్థం కావు. ఒక గిగాబెక్వెరల్ కోబాల్ట్-60 నుంచి, మధ్యలో కవచం లేకుండా, ఒక మీటరు దూరంలో గంటకు సుమారు 0.35 మిల్లీసీవర్ట్ డోసు (శరీరానికి తగిలే రేడియేషన్ కొలత) వస్తుంది. 111 టెరాబెక్వెరల్ అంటే లక్షా పదకొండు వేల గిగాబెక్వెరల్. గుణిస్తే ఒక మీటరు దూరంలో గంటకు దాదాపు 39 సీవర్ట్. సెకనుకు పది మిల్లీసీవర్ట్ పైమాటే.

మన దేశంలో రేడియేషన్ పనివారికి ఒక ఏడాదిలో అనుమతించే గరిష్ఠ డోసు 30 మిల్లీసీవర్ట్. ఆ సోర్స్ ముందు మీటరు దూరంలో మూడు సెకన్లు నిలబడితే ఆ ఏడాది కోటా అయిపోతుంది. ఆరు ఏడు నిమిషాలు నిలబడితే శరీరమంతా నాలుగు సీవర్ట్ దాటుతుంది. ఆ స్థాయిలో వైద్యం అందకపోతే సగం మంది బతకరు. చేత్తో పట్టుకున్నవాడి సంగతి చెప్పనక్కరలేదు.

అంతర్జాతీయ అణుశక్తి సంస్థ రేడియోధార్మిక సోర్సులను ప్రమాద తీవ్రతను బట్టి అయిదు తరగతులుగా విభజించింది. ఇది మొదటి తరగతిలోనిది. మా ఇరిడియం కెమెరాలు రెండో తరగతిలోకి వస్తాయి. కర్మాగారాల్లో గొట్టాలకు, తొట్లకు బిగించే మట్టం కొలిచే గేజీలు సాధారణంగా ఇంకా కింది తరగతులకు చెందుతాయి. కింది తరగతి అంటే ప్రమాదం అసలు లేదని కాదు, తక్కువని.

కవచం లోపల ఉన్నంతసేపు మాత్రం ఇదంతా నిద్రలో ఉన్నట్టే. దొంగలు ఆ రాత్రి లారీ నడుపుకుంటూ వెళ్లినప్పుడు వాళ్ల వీపుకు రెండు మూడు మీటర్ల వెనక ఆ కోబాల్ట్ ఉంది. వాళ్లకు ఏమీ కాలేదు. ప్రమాదం ఆ కవచం విప్పే క్షణంలో మొదలవుతుంది. దొంగ చేసే మొదటి పని ఎప్పుడూ విప్పడమే.

ముప్పై ఏళ్ల ముందు, అదే దేశంలో

మెక్సికో అధికారులు 2013లో ఎందుకంత వేగంగా కదిలారో అర్థం కావాలంటే హువారెజ్ నగరం గురించి తెలియాలి. 1977లో అక్కడి ఒక ప్రైవేటు ఆసుపత్రి అమెరికా నుంచి వాడిన కోబాల్ట్ యంత్రం కొనుక్కుంది. దాన్ని నడిపే నిపుణుడు దొరకలేదు. ఆరేళ్లు గోదాములో పడి ఉంది. 1983 డిసెంబరులో అక్కడి పనివాడొకడు దాన్ని విప్పి, పికప్ బండిలో వేసుకుని, పాత ఇనుము అంగడికి అమ్మేశాడు. ఆ విప్పడంలో, మోయడంలో ఎక్కడో సోర్స్ గుల్లకు చిల్లు పడింది. లోపల ఒక మిల్లీమీటరు సైజున్న కోబాల్ట్ గుళ్లు ఆరు వేలకు పైగా ఉన్నాయి. కొన్ని బండిలోనే రాలాయి. మిగతావి అంగడిలో ఇనుములో కలిసి, క్రేను అయస్కాంతాలతో అటూ ఇటూ చెల్లాచెదురై, ఉక్కు కొలుముల్లోకి వెళ్లాయి. అక్కడి నుంచి ఇళ్లకు వాడే చువ్వలుగా, హోటళ్లలో వేసే బల్లల కాళ్లుగా బయటికి వచ్చాయి.

ఈ సంగతి ఎవరూ కనిపెట్టలేదు. 1984 జనవరి 16న ఆ చువ్వలు మోసుకుపోతున్న ఒక లారీ అమెరికాలోని లాస్ అలమోస్ అణు ప్రయోగశాల దగ్గర దారి తప్పింది. అక్కడి గేటు దగ్గరి రేడియేషన్ మీటరు మోగింది. అలా బయటపడింది. ఒక డ్రైవరు తప్పు మలుపు తిరగకపోతే ఇంకెన్ని నెలలు గడిచేవో ఎవరూ చెప్పలేరు. ఆ చువ్వలతో కట్టిన ఇళ్లను తరువాత వెతికి పట్టుకుని కూల్చవలసి వచ్చింది.

రెండు కేసుల్లోనూ అదే దేశం, అదే రకం యంత్రం, అదే కోబాల్ట్. పైగా రెండోదాంట్లో ఉన్న కోబాల్ట్ మొదటిదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా ఫలితం పూర్తిగా వేరు. తేడా ఎక్కడ వచ్చిందని చూస్తే నాకు ఒకటే కనిపిస్తుంది: హువారెజ్‌లో పోయిందని చెప్పినవాడు లేడు. తెపొహాకోలో పోయిందని తెలిసిన వెంటనే చెప్పారు.

చాటింపు

లారీ పోయిన సంగతి మెక్సికో అణు భద్రతా కమిషన్‌కు చేరింది. పోలీసులు, సైన్యం రంగంలోకి దిగారు. చుట్టుపక్కల రాష్ట్రాలకు హెచ్చరిక వెళ్లింది. కమిషన్ అంతర్జాతీయ అణుశక్తి సంస్థకు తెలియజేస్తే, ఆ సంస్థ డిసెంబరు 4న ప్రపంచమంతటికీ ప్రకటించింది. ఆ ప్రకటనలో రెండు విషయాలు తేటగా చెప్పారు: లారీ పోయేనాటికి సోర్స్ కవచంలో భద్రంగా ఉంది. కవచం తీసినా, దెబ్బతిన్నా అది మనిషికి అత్యంత ప్రమాదకరం.

ఈ రెండు వాక్యాల విలువ మా వృత్తిలో ఉన్నవాళ్లకు తెలుస్తుంది. మొదటిది జనంలో భయాన్ని అదుపులో పెడుతుంది. రెండోది నేరుగా దొంగతో మాట్లాడుతుంది. లారీ దొంగకు లారీ విలువ తెలుసు, ఇనుము ధర తెలుసు, సీసం ధర తెలుసు. లోపల ఉన్నదేమిటో చెప్పగలిగింది పోగొట్టుకున్నవాడు ఒక్కడే. వాడు నోరు మూసుకుంటే దొంగ, దొంగ భార్య, పిల్లలు, పాత ఇనుము కొట్లో కూలివాడు, ఆ కొట్టు పక్కన టీ అమ్మేవాడు, వీళ్లందరూ తెలియకుండానే ప్రమాదంలో పడతారు.

చాటింపు వేస్తే ఉగ్రవాదుల చెవిన పడుతుందని, దాచి వెతకడమే మేలని వాదించేవాళ్లు ఉన్నారు. ఆ భయంలో నిజం లేకపోలేదు. కానీ ఇప్పటిదాకా చనిపోయినవాళ్లను చూస్తే, అమాయకంగా విప్పినవాళ్లు, ఇంటికి తెచ్చుకున్నవాళ్లే కనిపిస్తారు. అందుకే నేను చాటింపు పక్షాన ఉంటాను.

వెతకడం, పట్టుకోవడం

డిసెంబరు 4న, దొంగతనం జరిగిన చోటికి కొన్ని పదుల కిలోమీటర్ల దూరంలో, వెయ్‌పోష్త్‌లా అనే ఊరి దగ్గర లారీ దొరికింది. కవచం విప్పేసి ఉంది. అందులో సోర్స్ లేదు. చివరికి దానికి సుమారు ఒక కిలోమీటరు అవతల, ఖాళీ పొలంలో సోర్స్ కనిపించింది. ఎవరో దాన్ని బయటికి తీసి, అక్కడిదాకా తెచ్చి వదిలేశారు. అదృష్టవశాత్తూ గుల్ల పగలలేదు. చుట్టుపక్కల నేలకు కోబాల్ట్ అంటలేదు. హువారెజ్‌లోలా గుళ్లు చెల్లాచెదురై ఉంటే ఆ పొలం, ఆ ఊరు ఏళ్ల తరబడి మామూలు స్థితికి వచ్చేవి కావు.

ఇక్కడ మీటరు గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. కోల్పోయిన సోర్స్ కోసం వెళ్లేవాడి చేతిలో సర్వే మీటరు ఉంటుంది. కొన్ని రకాల గైగర్ మీటర్లు రేడియేషన్ మరీ తీవ్రంగా ఉన్నచోట ఉక్కిరిబిక్కిరై, సంఖ్య పెంచడం మాని సున్నా వైపు పడిపోతాయి. చూసినవాడు ఇక్కడ ఏమీ లేదనుకుని నేరుగా సోర్స్ మీదికి నడుస్తాడు. కాబట్టి మీటరును చోటుకు చేరాక కాదు, బండి దిగకముందే వేయాలి. సంఖ్య పెరుగుతూ వచ్చి ఉన్నట్టుండి పడిపోతే అది శుభవార్త కాదు, వెనక్కి తిరగమనే హెచ్చరిక. అత్యధిక డోసు కొలవగల రెండో మీటరు, పొడవాటి కర్ర చివర బిగించినది, వెంట ఉండాలి. దూరం రెట్టింపైతే డోసు నాలుగో వంతుకు తగ్గుతుంది గనక, దూరం నుంచే రెండు మూడు చోట్ల కొలిస్తే సోర్స్ ఎక్కడుందో, ఎంతటిదో కాగితం మీదే అంచనా కట్టవచ్చు. ఆ లెక్క చేతికి రాకముందు ఎవరూ ముందుకు అడుగు వేయకూడదు.

సోర్స్ కనిపించాక దాని చుట్టూ దాదాపు 500 మీటర్ల దూరం వరకు ఎవరినీ రానివ్వలేదు. అంత దూరమా అని మా దగ్గర శిక్షణకు వచ్చే పిల్లలు అడుగుతారు. మళ్లీ గుణకారమే. నూరు మీటర్ల దగ్గర గంటకు సుమారు 4 మిల్లీసీవర్ట్ వస్తుంది. సాధారణ ప్రజలకు ఏడాది మొత్తానికి పెట్టిన హద్దు 1 మిల్లీసీవర్ట్. అది పావుగంటలో దాటిపోతుంది. 500 మీటర్లకు వెళ్తే దూరం వల్లే ఆ డోసు పాతికో వంతుకు పడిపోతుంది. మధ్యనున్న గాలి దాన్ని ఇంకా తగ్గిస్తుంది. కాపలా సైనికుడు గంటల తరబడి నిలబడగలిగే దూరం అది.

అయితే సోర్స్ దొరికింది 4వ తేదీన, ఎత్తి కంటైనర్లో పెట్టింది 10వ తేదీన. ఆ మధ్య రోజులను ఆలస్యమని విమర్శించినవాళ్లు ఉన్నారు. నా దృష్టిలో ఈ కేసులో అందరికన్నా బాగా పనిచేసింది ఆ ఓపికే. మా పనిలో ఇరిడియం సోర్స్ గైడ్ ట్యూబులో (కెమెరా నుంచి సోర్స్ బయటికి వెళ్లే గొట్టం) ఇరుక్కుపోతే సీసపు గుళ్ల సంచులు కప్పి, పొడవాటి పట్టకారుతో, మనిషిని మార్చి మనిషిని పంపుతూ తీయవచ్చు. 50 క్యూరీల ఇరిడియం మీటరు దూరంలో నిమిషానికి సుమారు 4 మిల్లీసీవర్ట్ ఇస్తుంది. జాగ్రత్తగా సాధన చేసి వెళ్తే పని అవుతుంది. ఈ కోబాల్ట్ అదే 4 మిల్లీసీవర్ట్‌ను అర సెకను లోపే ఇచ్చేస్తుంది. మనుషులను వంతులవారీగా పంపినా ఫలితం లేదు. రోబోను తెచ్చారు, సరిపడే కవచం సిద్ధం చేశారు, తరువాతే సోర్స్ ఎత్తారు. పొలంలో పడి ఉన్న సోర్స్ ఎక్కడికీ పోదు. చుట్టూ కంచె ఉన్నంతకాలం తొందరపడవలసిన పని లేదు. తొందరంతా దొరికే వరకే.

ఆ ఊరి చుట్టుపక్కల ఆరుగురిని పచూకా ఆసుపత్రిలో పరీక్షించారు. ఎవరికీ ప్రాణాపాయం లేదని తేలింది.

ఎవరూ చెప్పకపోతే

దీని పక్కన పెట్టి చూడవలసిన కేసు ఎస్తోనియాది. రాజధాని టాలిన్‌కు దక్షిణాన తమ్మికు అనే చోట సోవియట్ కాలం నాటి రేడియోధార్మిక వ్యర్థాల నిల్వ ఉంది. 1994 అక్టోబరు 21న ముగ్గురు అన్నదమ్ములు పాత లోహం అమ్ముకుందామని అందులోకి చొరబడ్డారు. లాగిన సామానులోంచి వేలంత లావున్న ఒక లోహపు కడ్డీ కింద పడింది. ఒకడు దాన్ని తీసి కోటు జేబులో వేసుకున్నాడు. అది సీజియం-137 సోర్స్. కొన్ని గంటల్లోనే వాంతులు మొదలయ్యాయి. కీసా అనే ఊళ్లో ఇంటికి వెళ్లి కోటు తగిలించాడు. నాలుగు రోజులకు తుంటి, తొడ మీద పుండుతో ఆసుపత్రిలో చేరి, అడవిలో దెబ్బ తగిలిందని చెప్పాడు. నవంబరు 2న చనిపోయాడు. వైద్యులు దాన్ని దెబ్బ వల్ల వచ్చిన మరణమనే రాసుకున్నారు.

సోర్స్ మాత్రం ఆ ఇంట్లోనే ఉంది. భార్య, ఆమె పదమూడేళ్ల కొడుకు, ఒక ముసలావిడ అదే ఇంట్లో తిన్నారు, పడుకున్నారు. పిల్లవాడు పనిముట్ల పెట్టెలో ఆ కడ్డీని చూసి చేత్తో తీశాడు. కొన్ని రోజులకు చేతులు కాలినట్టు అయ్యాయి. నవంబరు 17న ఆసుపత్రికి వెళ్తే ఒక డాక్టరు ఆ గాయాలను చూసి ఇవి రేడియేషన్ వల్ల వచ్చినవని గుర్తుపట్టాడు. మరునాడే సోర్సును ఇంట్లోంచి తీశారు. దొంగతనం జరిగి అప్పటికి నాలుగు వారాలు. నిల్వ కేంద్రంలో ఆ రోజే తాళం చూసి, లెక్క చూసి, ఒకటి తక్కువైందని ఎవరైనా చెప్పి ఉంటే ఆ పిల్లవాడి చేతులు బాగుండేవి. ఈ కేసు చదివిన ప్రతిసారీ నాకు ఆ పిల్లవాడే గుర్తుకొస్తాడు.

మా వృత్తికి ఇంకా దగ్గరిది 2000లో ఈజిప్టులో, మీత్ హల్ఫా గ్రామంలో జరిగింది. పైపుల వెల్డింగు పరీక్షకు వాడే ఇరిడియం సోర్స్ ఎక్కడో జారిపోయింది. ఒక రైతుకు దొరికింది. విలువైన వస్తువేమో అని ఇంటికి తెచ్చాడు. మొదట చర్మవ్యాధి అనుకున్నారు. అతనూ, తొమ్మిదేళ్ల కొడుకూ చనిపోయారు. అది మేము రోజూ చేసే పనిలో వాడే సోర్సే. పని ముగిశాక సోర్స్ కెమెరాలోకి వెనక్కి వచ్చిందా లేదా అని మీటరు పెట్టి చూడడం అర నిమిషం పని.

మన దగ్గర

2019 జనవరిలో రాజమహేంద్రవరంలోని ఓఎన్‌జీసీకి చెందిన, చమురు బావుల పనిలో వాడే సీజియం-137 కంటైనర్ ఒకటి రవాణాలో కనిపించకుండా పోయింది. ఫిర్యాదు అందింది, పోలీసులు గాలించారు. చివరికి అది కృష్ణా జిల్లా కలిదిండిలో ఒక పాత ఇనుము కొట్లో దొరికింది. వెతకడం మొదలైంది కాబట్టే, అది కొలిమిలోకి కాకుండా కొట్లో ఉండగానే చేతికి చిక్కింది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో, విశాఖ, కాకినాడ తీరంలో ఇలాంటి సోర్సులు ఎన్నో రోడ్ల మీద తిరుగుతుంటాయి.

మన నిబంధనల ప్రకారం సోర్స్ పోతే యజమాని 24 గంటల్లోగా అణుశక్తి నియంత్రణ మండలికి తెలియజేయాలి. 24 గంటలన్నది గరిష్ఠ గడువు. దాన్ని చాలామంది ముందు మనమే వెతుకుదాం, దొరికితే చెప్పక్కరలేదు కదా అనుకోవడానికి ఇచ్చిన సమయంగా భావిస్తారు. కంపెనీ పేరు పోతుందని, లైసెన్సు పోతుందని, ఉద్యోగం పోతుందని భయం. రేడియోగ్రాఫర్ ఇంచార్జికి, ఇంచార్జి మేనేజరుకు, మేనేజరు హెడ్డాఫీసుకు చెప్పి, అక్కడి నుంచి జవాబు వచ్చేసరికి తెల్లారిపోతుంది. ఆలోగా కెమెరా ఎక్కడో సుత్తి కింద ఉంటుంది. అందుకే మా దగ్గర పోయిందని మొదట గమనించినవాడే, హెల్పరైనా సరే, ఎవరి అనుమతీ అడగకుండా నాకూ పోలీసులకూ ఫోను చేయాలని రాసి పెట్టాం. పొరపాటున చేసినా ఎవరూ అతన్ని ఒక్క మాట అనకూడదని కూడా రాశాం. ఆ రెండో వాక్యం లేకపోతే మొదటిది ఎవరూ పాటించరు.

మెక్సికో లారీకి ఆచూకీ చెప్పే జీపీఎస్ పరికరం లేదని అక్కడి అధికారులే తరువాత చెప్పారు. ఇవాళ ఆ పరికరం ఖరీదు ఒక కెమెరా ఖరీదు ముందు లెక్కలోకి రాదు. అంతకన్నా ముఖ్యం, దారిలో ఆగే చోట్లు ముందే నిర్ణయించడం. లారీ పోయింది పరుగెత్తేటప్పుడు కాదు, ఆగినప్పుడు. గమ్యానికి దగ్గరగా వచ్చాక, గేటు తెరిచేవేళ దాకా ఎక్కడో కునుకు తీద్దామనుకునే సమయం అన్నిటికన్నా బలహీనమైనది. కాబట్టి మా వాహనాలు చేరే వేళకు అవతల గేటు తెరిచే మనిషి ఉన్నాడని తెలిశాకే ఇక్కడ బయలుదేరతాయి. భోజనానికి ఆగితే ఇద్దరిలో ఒకరు బండి దగ్గరే ఉంటారు.

ఇక పాత ఇనుము కొట్ల సంగతి. పెద్ద ఉక్కు కర్మాగారాల గేట్లలో, కొన్ని ఓడరేవుల్లో రేడియేషన్ కనిపెట్టే ద్వారాలు ఉన్నాయి. మండల కేంద్రంలో తక్కెడ పెట్టుకుని కూర్చున్న వ్యాపారికి ఉన్నవి రెండు కళ్లు, ఆ తక్కెడ మాత్రమే. అవి కూడా తక్కువవి కావు. సైజుకు పొంతన లేనంత బరువుండే పెట్టె వస్తే లోపల సీసమో, అంతకన్నా బరువైన యురేనియం కవచమో ఉండవచ్చు. పసుపు మీద మూడు రెక్కల గుర్తు ఉంటే అనుమానమే అక్కరలేదు. ఆ మూడు రెక్కలు చూసి ఫ్యాను గుర్తు అనుకున్నవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. అందుకే 2007లో ఎర్ర రంగు మీద పుర్రె, పారిపోతున్న మనిషి బొమ్మలతో కొత్త గుర్తును తెచ్చారు. దాన్ని పైన కాదు, విప్పుకుంటూ పోతే సోర్స్ దగ్గర కనబడేలా లోపల అంటిస్తారు. చదువు రానివాడికి కూడా తెలిసేలా.

పాత ఇనుము కొట్టు నడిపేవాళ్లకు మేము చెప్పేది ఇది. ఇలాంటిది వస్తే కోయవద్దు, సుత్తితో కొట్టవద్దు, లోపలి నుంచి ఏదైనా జారిపడితే చేత్తో తీయవద్దు. కొట్లో అందరినీ బయటికి పంపి, వీలైనంత దూరం జరిగి, 112కు ఫోను చేయండి. తెచ్చినవాడు ఎవరో, ఎటు వెళ్లాడో గుర్తుంచుకుని పోలీసులకు చెప్పండి. వాణ్ణి జైల్లో పెట్టించడానికన్నా ముందు, ఆసుపత్రికి పంపించడానికి ఆ వివరం అవసరం.